ఫిస్టులా సూది, గూడబాతులు, ఒక వీఆర్ హెడ్‌సెట్: మా డయాలసిస్ యూనిట్ నుంచి ఒక కేస్

డయాలసిస్ సూది వేసేటప్పుడు రోగి కళ్లకి వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే చుట్టూ ఇంకో ప్రపంచాన్ని చూపించే) హెడ్‌సెట్ పెట్టామని తెలిశాక తోటి టెక్నీషియన్లు చాలామంది వివరాలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే కేసు మొత్తం రాసేస్తే మేలనిపించింది. రోగి అనుమతి ఉంది. పేరు, ఊరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను.

రోగి వయసు యాభై దాటింది. ఉద్దానం మనిషి, అంటే మన శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వారగా ఉండే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఆ వైపు. కొంచెం కొబ్బరి, కొంచెం జీడితోట ఉండేవి, 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరి చెట్లు కూలిపోయాక కూలికి కూడా వెళ్లేవాడు. షుగర్ లేదు. అన్నం సయించట్లేదని, వాంతులవుతున్నాయని ఆస్పత్రికి వెళ్తే క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చూసి డాక్టర్లు నేరుగా డయాలసిస్ అన్నారు. ఉద్దానంలో ఈ కథ ప్రతి వీధిలోనూ ఉంటుంది. ఈ కిడ్నీ జబ్బుకి కారణం నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా అని ఏళ్లుగా వెతుకుతున్నారు, ఇదీ కారణమని ఇంతవరకు తేల్లేదు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నెలకి 10,000 పింఛను వస్తోంది. ఇవన్నీ ఉన్నా సూది మాత్రం ఎవరి చేతిలో వాళ్లకే దిగాలి కదా.

మొదట్లో మెడ దగ్గర క్యాథెటర్ పెట్టి డయాలసిస్ చేశారు. మన రోగులు దాన్ని 'మెడలో పైపు' అంటారు, నేనూ అలాగే రాస్తాను. పైపు వల్ల సుఖం ఏంటంటే సూది అక్కర్లేదు, మూతలు తీసి గొట్టాలు కలిపేస్తే మెషిన్ నడుస్తుంది. ఆ సుఖమే ప్రమాదం. బయటి నుంచి గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి తెరిచి ఉంచిన దారి అది, ఎంత జాగ్రత్తగా చూసుకున్నా ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఫిస్టులా కంటే చాలా ఎక్కువ. ఈయనకి అప్పటికే డయాలసిస్ మధ్యలో చలి, వణుకు, జ్వరం వచ్చి యాంటీబయాటిక్స్ మీద గడిచింది. అందుకని ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేయించారు, అంటే మణికట్టు దగ్గర ధమనినీ సిరనీ కలిపి కుట్టడం. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితే సిర లావై, గోడ గట్టిపడి, సూది పట్టుకునే స్థితికి వస్తుంది. ఈయనది బ్రహ్మాండంగా వచ్చింది. వేలు పెడితే జుయ్యిమని థ్రిల్, అంటే లోపల రక్తం పారే అదురు, తగులుతుంది, స్టెతస్కోపు పెడితే చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. ఇలాంటి ఫిస్టులా దొరకడం టెక్నీషియన్‌కి పండగే.

కానీ ఆయన చెయ్యి ఇవ్వడు.

మా దగ్గరికి రాకముందు ఇంకో చోట మొదటిసారి సూది వేసినప్పుడు అది సిర గోడని దాటి అవతలికి పోయింది. రక్తం కండలోకి దిగి మోచేతి దాకా నల్లగా ఉబ్బింది. కొత్త ఫిస్టులాలో ఇది ఎక్కడైనా జరుగుతుంది, అలా జరిగితే చేతికి విశ్రాంతి ఇచ్చి మళ్లీ మొదలుపెడతాం. వాపు తగ్గింది గానీ భయం తగ్గలేదు. సూది ప్యాకెట్ చింపిన శబ్దం వింటేనే చెయ్యి లాక్కునేవాడు. "పైపుంది కదా బాబూ, దాంతోనే కానిచ్చీ, నాకీ సూదులొద్దు" అని ఒకటే మాట. వాళ్లమ్మాయి పక్కన నిలబడి బతిమాలేది, కోప్పడేది, చివరికి బయటికెళ్లి కూర్చునేది.

సూది గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఇంజెక్షన్ సూది కాదు. మొదలుపెట్టేటప్పుడు సన్నగా ఉండే 17 గేజ్, తర్వాత 16, 15, గేజ్ నంబరు తగ్గేకొద్దీ సూది లావవుతుంది. ప్రతిసారీ రెండు, ఒకటి రక్తం బయటికి తీయడానికి, ఒకటి శుభ్రమైన రక్తం లోపలికి పంపడానికి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అంటే ఏడాదికి 300 దాటతాయి. భయపడ్డాడని ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

మేం ముందు చేసినవి మామూలువే. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిపిన మత్తు క్రీము ఉంటుంది, దాన్ని సూది వేసే చోట మందంగా రాసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి కనీసం గంట ఉంచాలి. ఇంట్లో బయల్దేరేటప్పుడే రాయమని అమ్మాయికి నేర్పించాం. దానివల్ల చర్మం మొద్దుబారింది, నిజమే. కానీ ఈయన బాధ చర్మం దగ్గర మొదలవట్లేదు, పై చేతికి రబ్బరు పట్టీ బిగించగానే మొదలవుతోంది. ఒళ్లంతా బిగుసుకుంటుంది, చెమటలు, గుండె దడ, పిడికిలి విప్పడు. బిగుసుకున్న చేతిలో సూది వేస్తే పక్కకి పోయే అవకాశం ఎక్కువ, పోతే వాపు, వాపొస్తే ఇంకా భయం. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి.

నొప్పి కొలవడం దగ్గర ఒక తమాషా జరిగింది. సున్నా నుంచి పది వరకు ఎంత అని అడగడం మనందరికీ అలవాటు. ఈయన ప్రతిసారీ "పది" అనేవాడు, ఇంకేం చెప్పేవాడు కాదు, మొహాల బొమ్మలు చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు. మా యూనిట్ సిస్టర్‌గారు ఒకరోజు "రూపాయికి ఎన్నణాలుంది బాబాయ్ నొప్పి?" అని అడిగింది. వెంటనే "పద్నాలుగణాలమ్మా" అన్నాడు. పదహారు ఎందుకు కాదని అడిగితే ఆపరేషన్ నాటిది పదహారణాలట. అప్పట్నుంచి ఆయన చార్టులో అణాల్లోనే రాశాం. పుస్తకాల్లో ఉన్న స్కేలు కాదు, కానీ ఆయన మనసులో దానికి ఒక లెక్క ఉంది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పగలుగుతున్నాడు. ఒకే మనిషి కేసులో నాకు అంతకంటే కావాల్సింది లేదు.

ఇక వీఆర్ దగ్గరికొద్దాం. ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలోని సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990ల్లోనే కాలిన గాయాల రోగుల మీద మొదలుపెట్టారు. 2000లో వాళ్లు అచ్చేసిన మొదటి రిపోర్టు కూడా కేసులే, ఇద్దరు టీనేజీ కుర్రాళ్లు, మామూలు వీడియో గేమ్ ఆడేటప్పటి నొప్పినీ వీఆర్‌లో ఉన్నప్పటి నొప్పినీ పోల్చి చూశారు, వీఆర్‌లో బాగా తగ్గింది. తర్వాత కాలిన గాయాల వాళ్లకోసమే మంచు లోయలాంటి ఒక ప్రపంచాన్ని తయారుచేశారు, అందులో పెంగ్విన్ల మీదికీ మంచు మనుషుల మీదికీ మంచు ముద్దలు విసురుతూ ఉంటారు. 2004లో స్కానర్లో పడుకోబెట్టిన ఆరోగ్యవంతులకి వేడితో నొప్పి కలిగించి చూస్తే, వీఆర్‌లో ఉన్నంతసేపు మెదడులో నొప్పికి సంబంధించిన చోట్ల చురుకుదనం బాగా తగ్గినట్టు కనిపించింది. కారణం కూడా అర్థంకాని బ్రహ్మపదార్థం కాదు. నొప్పి తెలియాలంటే ధ్యాస కావాలి. మనిషికి ఉన్న ధ్యాస కొంతే, అందులో ఎక్కువ భాగం ఇంకో పని లాగేసుకుంటే నొప్పికి మిగిలేది తక్కువ. అయితే ఒకటి గమనించండి, అక్కడ కూడా నొప్పి మందులు మానేసి హెడ్‌సెట్ పెట్టలేదు, మందులతో పాటు పెట్టారు. మేం కూడా మత్తు క్రీము ఆపలేదు.

మా హెడ్‌సెట్ మెటా క్వెస్ట్ 2. యూనిట్ డబ్బుతో కొన్నది కాదు, మా డాక్టరుగారబ్బాయి ఆడి ఆడి విసుగొచ్చి అటక మీద పడేసింది. వైర్లు, కంప్యూటరు అక్కర్లేకుండా దానంతటది నడుస్తుంది, మాకు అది ముఖ్యం, ఎందుకంటే మెడలో పైపు, చేతికి గొట్టాలు ఉన్న మనిషి చుట్టూ ఇంకో వైరు వేలాడితే ఎక్కడో తగులుకుని లాగేస్తుంది. బరువు అర కిలో. కూర్చున్నవాళ్లకి ముందుకి లాగినట్టుంటుంది గానీ, వెనక్కి వాలిన కుర్చీలో తల ఆనించి ఉంటే అంత తెలియదు. వాలినప్పుడు బొమ్మంతా సీలింగ్ వైపు పోకుండా కంట్రోలర్ మీద బటన్ కాసేపు నొక్కిపట్టి ఎదురుగా తెచ్చుకోవాలి. ఈ చిన్న పని చేయకపోతే రోగి మెడ విరుచుకుని చూస్తూ ఉంటాడు.

మొదటిసారి సముద్రం అడుగున చేపల వీడియో పెట్టాం. "ఏటి బాబూ, గానుగెద్దుకి కట్టినట్టు గంతలు కట్టేస్తున్నావు" అంటూనే పెట్టుకున్నాడు. అందులో కెమెరా నీళ్లలో ఈదుకుంటూ పోతుంది. కాసేపటికే తల తిరుగుతోంది, డోకొస్తోంది అని తీసేశాడు. కళ్లేమో కదులుతున్నాం అంటాయి, చెవి లోపలి సమతూకం చూసే భాగమేమో కదలట్లేదు అంటుంది, ఆ పేచీ వల్ల వచ్చే వికారం అది. పైగా చేపలకోసం తల అటూ ఇటూ తిప్పితే భుజం కదులుతుంది, భుజంతో పాటు చెయ్యి. సూది వేసే చోట అది అస్సలు పనికిరాదు. రోలర్ కోస్టర్లు, విమానం ఎగరడాలు, షూటింగ్ గేములు అన్నీ ఈ లెక్కలోనే కొట్టేశాం. సియాటిల్ మంచు ముద్దల్లాగా చేతులకి పనిచెప్పేవీ ఇక్కడ కుదరవు, ఒక చెయ్యి నా దగ్గరుంటుంది, రెండో చేతికి బీపీ పట్టీ ఉంటుంది.

అంటే మాకు కావాల్సింది ఏంటి? కెమెరా కదలకూడదు. చూడాల్సిందంతా ఎదురుగా ఉండాలి. కానీ ఊరికే చూస్తూ కూర్చుంటే ధ్యాస మళ్లీ సూది మీదికే వస్తుంది, కాబట్టి బుర్రకి ఏదో పని ఉండాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం మీకు తెలిసే ఉంటుంది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీద గూళ్లు పెడతాయి, జనం సైబీరియా పక్షులంటారు. అక్కడివాళ్లకి అవి వస్తేనే మంచి ఏడాది. మా యూనిట్లో పనిచేసే కుర్రాడు స్నేహితుడి దగ్గర 360 డిగ్రీల కెమెరా అడిగి తెచ్చి, స్టాండు మీద పెట్టి, కదపకుండా అక్కడ చెట్లని తీసుకొచ్చాడు. దాన్నే పెట్టాం. రోగికి పని కూడా చెప్పాం: ఎదుటి చెట్టు మీద గూడబాతులెన్ని, కొంగలెన్ని, పైకి లెక్కపెట్టాలి. లేచిపోయింది తీసెయ్యాలి, వచ్చి వాలింది కలపాలి.

ఆ రోజు జరిగింది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పనంతా అక్కడే ఉంది. హెడ్‌సెట్ పెట్టకముందే చెయ్యి కడిగించి, థ్రిల్ చూసి, సూదులు రెండూ ఎక్కడ వెయ్యాలో పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను. ప్యాకెట్లు కూడా ఆయన రాకముందే చింపి ఉంచాను, ఆ శబ్దం వినపడకుండా. ఒక ఒప్పందం చేసుకున్నాం: "బాబాయ్, నీకు చెప్పకుండా గుచ్చను. 'ఇప్పుడు' అంటాను, అప్పుడే. వద్దు అనిపిస్తే కుడిచెయ్యి ఎత్తు, ఆగిపోతాను." కళ్లు కప్పేసిన మనిషికి తెలియకుండా సూది దింపితే ఒక్కసారి పని జరుగుతుంది, రెండోసారి హెడ్‌సెట్‌నే నమ్మడు. అందుకని ఈ మాట మీద నేను చాలా పట్టుగా ఉంటాను. తర్వాత హెడ్‌సెట్. పైనున్న పట్టీ మెడలో పైపు డ్రెస్సింగ్‌కి తగలకుండా సిస్టర్‌గారు సర్దింది. ఆయన లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు... ఆ గూట్లో పిల్లుంది, దాన్ని కలపాలా?" కలపమన్నాను. రబ్బరు పట్టీ బిగించాను, లెక్క కాస్త నెమ్మదించింది గానీ ఆగలేదు. మందుతో తుడిచి ఆరనిచ్చాను. పిడికిలి వదులుగానే ఉంది. "ఇప్పుడు" అన్నాను. సుమారు పాతిక డిగ్రీల కోణంలో చర్మం దాటి సిరలోకి సూది వెళ్తుంటే "తొమ్మిదీ..." అని సాగదీశాడు, పళ్లు బిగించాడు, గొట్టంలోకి ఎర్రగా రక్తం తన్నుకొచ్చింది, సూదిని వాల్చి టేపు వేస్తుండగా "పది, పదకొండు, ఒకటి ఎగిరిపోయింది బాబూ" అన్నాడు. చెయ్యి కదల్లేదు.

ఆ రోజు ఒక సూదే వేశాం. కొత్త ఫిస్టులాని నెమ్మదిగా అలవాటు చేయాలి కాబట్టి రక్తం ఫిస్టులా నుంచి తీసి మెడ పైపులోంచి తిరిగి పంపాం. ఎన్నణాలని అడిగితే కాసేపు ఆలోచించి "ఎనిమిది" అన్నాడు. నొప్పి లేదని అనలేదు. సూది దిగినట్టు తెలిసిందన్నాడు, కానీ "అంతకుముందు గుండెలు అదిరేయి, ఆ ఇది లేదు" అన్నాడు. నాకు అణాల తగ్గుదల కంటే ఆ మాట విలువైనది. వీఆర్ సూది నొప్పిని ఎంత తగ్గించిందో నేను చెప్పలేను గానీ, సూదికి ముందు నడిచే భయాన్ని మాత్రం బాగా కోసేసింది, భయం తగ్గాక కండ వదులైంది, కండ వదులైతే నా పని సులువైంది, నా పని సరిగ్గా జరిగితే నొప్పి ఎలాగూ తక్కువే. ఈ వరసలో హెడ్‌సెట్ వాటా ఎంత, ఒప్పందం వాటా ఎంత, క్రీము వాటా ఎంత అని విడదీయడానికి ఒక్క కేసు చాలదు. సిస్టర్‌గారైతే హెడ్‌సెట్ కంటే ఆ 'ఇప్పుడు' అన్న మాటే పనిచేసిందంటుంది, నేను గట్టిగా కాదనలేను.

తర్వాత రెండు సూదులకి వచ్చాం, ఆ పైన 16 గేజ్‌కి మారాం. అణాలు ఆరుకీ ఐదుకీ మధ్య ఆగాయి. మధ్యలో ఒకరోజు హెడ్‌సెట్ చార్జింగ్ లేదు, పెట్టలేదు, ఆ రోజు పదణాలన్నాడు, అయినా చెయ్యి ఇచ్చాడు. రెండు సూదులతో వరసగా డయాలసిస్‌లు సాఫీగా జరిగాక డాక్టరుగారు మెడలో పైపు తీసేశారు. పైపు ఉన్నన్నాళ్లూ కుదరని స్నానం తల మీద నుంచి చేసి వచ్చానని, వాళ్లమ్మాయి చెప్పేదాకా ఆగకుండా, ఆయనే చెప్పాడు.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న: నాలుగు గంటలూ హెడ్‌సెట్ పెట్టి ఉంచొచ్చు కదా, టైమ్ తెలియకుండా గడిచిపోతుంది? నా మట్టుకు వద్దంటాను. డయాలసిస్‌లో నీరు తీస్తున్నప్పుడు బీపీ పడిపోవడం మామూలు. అది మెషిన్ చెప్పేకంటే ముందు మొహం చెబుతుంది. ఆవలింతలు, కళ్లు మూతలు పడటం, మొహం పాలిపోవడం, నుదుటి మీద చెమట, ఇవి చూసే మనం కుర్చీ వాల్చి, నీరు తీయడం ఆపి, సెలైన్ ఇస్తాం. హెడ్‌సెట్ ఆ మొహంలో సగం కప్పేస్తుంది. పైగా వికారం బీపీ పడితే వస్తుంది, వీఆర్ వల్లా వస్తుంది. రోగి "డోకొస్తోంది" అంటే ఏదని తేల్చుకుంటూ కూర్చునే టైమ్ మనకి లేదు. ఇంకొకటి, సూది జారి బయటికొస్తే నిమిషాల్లో రక్తం పోతుంది, మెషిన్ అలారం ప్రతిసారీ పట్టుకోదు, చాలాసార్లు తడి తగిలి రోగే ముందు చూసుకుంటాడు. ఆ చూపుని మూసేయడం నాకు ఇష్టం లేదు. అందుకని సూదులు వేసి, టేపులు వేసి, మెషిన్ మొదలై మొదటి బీపీ చూసే లోపే హెడ్‌సెట్ తీసేస్తాం. అప్పుడే వికారంగా ఉందంటే ముందు బీపీ చూస్తాం, వీఆర్ అయి ఉంటుందిలే అని వదిలెయ్యం.

ఫిట్స్ ఉన్నవాళ్లకి, తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లకి, మొహం మీద పుండ్లు ఉన్నవాళ్లకి పెట్టం. కళ్లు మూస్తే ఊపిరాడనట్టు ఉండేవాళ్లు ఉంటారు, అలాంటి ఒకామె రెండు క్షణాల్లో విసిరికొట్టింది, మళ్లీ అడగలేదు. బాగా నీరసంగా, మాటకి మాట చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లకీ వద్దు. శుభ్రత గురించి కూడా చెప్పాలి, డయాలసిస్ యూనిట్ అంటే హెపటైటిస్ బి, సి భయం ఉండే చోటు. మొహానికి ఆనే స్పాంజి తీసేసి కడిగే సిలికాన్ కవరు వేశాం, ఒక్కొక్కరికీ కొత్త గుడ్డ మాస్క్, కవరూ పట్టీ స్పిరిట్‌తో తుడుపు. అద్దాల మీద స్పిరిట్ వెయ్యకండి, పాడవుతాయి, పొడి గుడ్డ చాలు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి మెషిన్ వేరుగా పెట్టినట్టే హెడ్‌సెట్ కూడా వేరే ఉండాలి. మా దగ్గర ఒకటే ఉంది కాబట్టి వాళ్లకి ప్రస్తుతం ఇవ్వలేకపోతున్నాం, అడిగినప్పుడల్లా ఇబ్బందిగానే ఉంటోంది.

ఈ మధ్య ఒక కొత్త సమస్య వచ్చింది. ఆయనకి తేలినీలాపురం కంఠతా వచ్చేసింది. ఏ కొమ్మ మీదిది ఎప్పుడు లేస్తుందో ముందే చెప్పేస్తున్నాడు, లెక్కకి బుర్ర పెట్టక్కర్లేదు, అణాలు మళ్లీ కొంచెం పైకి పోతున్నాయి. కొత్తది తియ్యమంటున్నాడు, బారువ తీరంలో తెల్లారి వల లాగే చోట కెమెరా పెడితే ఎంతమంది లాగుతున్నారో లెక్కపెడతానంటున్నాడు. ఆలోచన బాగానే ఉంది, స్టాండు ఇసకలో కదలకుండా నిలబడుతుందా అన్నదే మా కుర్రాడి అనుమానం. కెమెరా మళ్లీ అడిగి తెచ్చుకోవాలి.